నోటర్‌డేమ్: విడిగానా, కాన్ఫరెన్స్‌లోనా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో నోటర్‌డేమ్ యూనివర్సిటీ ఇప్పటికీ ఏ కాన్ఫరెన్స్‌లోనూ (కలిసి లీగ్‌గా ఆడే కాలేజీల కూటమి) చేరలేదు. బాస్కెట్‌బాల్ లాంటి ఆటలు మాత్రం 2013 నుంచి ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌లోనే ఆడుతోంది.

విడిగా ఉంటే సొంత టీవీ ఒప్పందం ఉంటుంది. ఎన్‌బీసీ చానల్‌తో అది 1991 నుంచి నడుస్తోంది, ఆ డబ్బు ఎవరికీ పంచక్కర్లేదు. నేవీ (అమెరికా నౌకాదళ అకాడమీ) జట్టుతో 1927 నుంచి ఉన్న పోటీనీ వదులుకోనక్కర్లేదు. నాకు డబ్బు కన్నా ఇదే ముఖ్యం.

చేరితే కాన్ఫరెన్స్ టైటిల్ ద్వారా ప్లేఆఫ్‌కు, అంటే జాతీయ చాంపియన్‌ను తేల్చే పోటీలకు, ఇంకో దారి దొరుకుతుంది. 2025లో పదింట గెలిచి, రెండే ఓడినా ప్లేఆఫ్ జట్లను ఎంపిక చేసే కమిటీ పక్కన పెట్టింది, ఎంత బాధేసిందో! తొలి మ్యాచ్‌లో మయామీ చేతిలో 27-24, ఆ మూడు పాయింట్లే ముంచాయి. కానీ అదే ఏడాది ఏసీసీ టైటిల్ గెలిచిన డ్యూక్ యూనివర్సిటీకీ ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు. అందుకే చేరొద్దనే అంటాను.