సలీన్ ఎస్7 ట్విన్ టర్బో: బలం బండెడు, భద్రత డ్రైవర్ కాళ్లలో

సలీన్ ఎస్7 అమెరికా కంపెనీ సలీన్ చేసిన సూపర్‌కార్. 2000లో వచ్చిన మొదటి ఎస్7 బలం 550 హార్స్‌పవర్. 2005లో రెండు టర్బోలు (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరాలు) తగిలించి దాన్ని 750కి పెంచారు. ఇంజిన్ ఫోర్డ్ వి8 వంశానిదే: 7 లీటర్లు, అల్యూమినియం బ్లాకు, వాల్వులు తెరిచే పొడవాటి కడ్డీలు (పుష్‌రాడ్లు), సిలిండర్‌కి రెండే వాల్వులు. పాత పద్ధతే, అయినా వంక పెట్టలేం. ఇంత పెద్ద ఇంజిన్‌కి 5.5 పీఎస్ఐ బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) సరిపోతుంది, టర్బో అందుకునేలోపు కూడా లాగుడుకి లోటుండదు. గంటకు 399 కిలోమీటర్లు అన్నది మాత్రం కంపెనీ లెక్క.

స్టీల్ స్పేస్‌ఫ్రేమ్ (గొట్టాలతో అల్లిన చట్రం) మీద కార్బన్ ఫైబర్ బాడీ. పక్కల చేప మొప్పల్లాంటి చీలికలే దీని ముఖం అనొచ్చు. డ్రైవర్ సీటు కాస్త మధ్యకి జరిగి ఉంటుంది, దాంతో రెండు వైపులా బరువు సమంగా పడుతుంది. వెనక్కి చూద్దామంటే ఇంజినే అడ్డం, అందుకే కెమెరా పెట్టారు.

అసలు చిక్కు బ్రేకుల దగ్గర. బ్రెంబో కంపెనీ ఆరు పిస్టన్ల కాలిపర్లు (బ్రేకు డిస్కును పట్టి నొక్కే భాగాలు) గట్టివే. కానీ బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోలూ లేదు. తడి రోడ్డు మీద పెడల్ ఒక్కసారిగా తొక్కితే ముందు చక్రాలు బిగుసుకుపోయి స్టీరింగ్ మాట వినదు. వెంటనే పెడల్ కొంచెం వదిలి, మళ్లీ మెల్లగా నొక్కాలి. యాక్సిలరేటర్ విషయంలోనూ అంతే: బూస్ట్ ఎక్కేటప్పుడు మలుపులో ఉంటే 345 మిల్లీమీటర్ల వెనక టైరు కూడా జారుతుంది.