మంచం పక్కన రివాల్వర్ పెట్టె: కోడ్ తెలియని మనిషి రాసిన రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, ఈ పెట్టె కోడ్ నాకు తెలియదు. తెలియకూడదు కూడా. లైసెన్స్ మా వారి పేరు మీద ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేని మనిషి తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు, కట్టుకున్న పెళ్లాం అయినా సరే. కాబట్టి పెట్టె ఎంచింది నేను, బేరమాడింది నేను, గోడకి ఎక్కడ బిగించాలో చెప్పింది నేను, దుమ్ము దులిపేది నేను. తెరిచేది మాత్రం ఆయన. అందులో రివాల్వర్ చేరకముందు, కంపెనీ ఇచ్చిన మామూలు కోడ్‌తో దాన్ని తెరిచి, మూసి, గుద్ది, ఊపి నానా హింసా పెట్టాను. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మాకు విశాఖ కురుపాం మార్కెట్లో తాకట్టు షాపు. ఇల్లు పెదవాల్తేరులో, బాల్కనీలోకి వస్తే సముద్రం గాలి ముఖానికి కొట్టే ఫ్లాటు. రాత్రి షాపు కట్టేసి నగదు సంచితో స్కూటర్ మీద వచ్చే రోజుల్లో తీసుకున్న లైసెన్స్ అది. ఇప్పుడు సగం లావాదేవీలు ఫోన్లోనే అయిపోతున్నాయి, రివాల్వర్ మాత్రం మిగిలింది. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ వాళ్ల .32, ఆరు బుల్లెట్లది, బరువు సుమారు 700 గ్రాములు. పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల పద్ధతి దానిది: వెనక గొళ్లెం నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే నడుం విరిగినట్టు తెరుచుకుంటుంది, లోపలున్న తూటాలు వాటంతటవే పైకి లేస్తాయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఇన్నాళ్లూ దాని మకాం గోద్రెజ్ బీరువా లాకర్లో, పట్టుచీరల వెనక. మా పక్క వీధిలో దొంగలు పడ్డ దగ్గర్నుంచి ఈయనకి టెన్షన్ మొదలైంది. దిండు కింద పెట్టుకుంటానన్నారు. నిద్రలో లేచి కూర్చుని ఎవరి వడ్డీ ఎంతో అప్పజెప్పే మనిషి దిండు కింద రివాల్వరా? కుదరదన్నాను. పోనీ మంచం పక్క డ్రాయర్లో పెట్టి తాళం వేస్తానన్నారు. ఆ తాళాన్ని తలపిన్నుతో తీసి చూపించాను. దాంతో సేఫ్ కొనాలని తేలింది.

కావలసింది రెండే. మా మనవడు తెరవలేకపోవాలి, మా వారు చీకట్లో కళ్లజోడు లేకుండా తెరవగలగాలి. ఆరేళ్ల వాడు కదా అనుకోకండి. టీవీకి పెట్టిన పిన్ను, నా ఫోన్ ప్యాటర్న్, వాళ్ల నాన్న ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ అన్నీ వాడికి కంఠతా. పైగా పిల్లలొక్కరే కాదు. పరీక్ష తప్పిన కుర్రాడు, తాగి వచ్చి గొడవపడే చుట్టం, మనసు బాగాలేని మనిషి, ఇలాంటి వాళ్లు ఏదో ఒక రోజు ఏ ఇంట్లోనైనా ఉంటారు. ఆ రోజు తుపాకీ వాళ్ల చేతికి అందకూడదు.

మొదట ఆన్‌లైన్‌లో రెండున్నర వేలకి ఒకటి తెప్పించాం. ఫొటోలో బ్యాంకు లాకర్లా ఉంది. వచ్చాక చూస్తే రేకు డబ్బా. నాబ్ మీద చెయ్యి ఉంచి పైన గట్టిగా గుద్దితే కోడ్ లేకుండానే తెరుచుకుంది. చవక రకాల్లో బోల్టుని ఆపేది స్ప్రింగ్ మీద నిలబడ్డ చిన్న సోలినాయిడ్ పిన్ను, అంటే కరెంటు అందితే కదిలే పిన్ను ఒక్కటే. కుదుపుకి అది ఎగిరిందంటే తలుపు తెరుచుకున్నట్టే. మీరు ఏది కొన్నా సరే, ఖాళీ పెట్టెని ముందు ఇలా గుద్ది చూడండి. మేం వెంటనే వాపసు పంపేశాం.

తర్వాత వేలిముద్ర రకం చూశాం. సేల్స్ కుర్రాడు తన వేలు పెట్టి టక్కున తెరిచి చూపించాడు. మా వారి వేలు పెడితే ఎర్ర లైటు. రోజంతా గీటురాయి మీద బంగారం రుద్ది, యాసిడ్ చుక్క వేసి, తుడిచి అరిగిపోయిన వేళ్లు అవి. ఆధార్ మిషనే ఆయన వేలిముద్రకి సతాయిస్తుంది. అర్ధరాత్రి, చెమట చేతులతో, గుండె దడదడలాడుతుంటే ఈ గాజుముక్క కరుణిస్తుందని నమ్మకం కుదరలేదు. చేపల వేటకి వెళ్లేవాళ్లు, తాపీ పనివాళ్లు, వంటవాళ్లు, ఎవరి వేళ్లు అరిగిపోయినా ఇదే కథ. వేలిముద్ర పెట్టె కొనేవాళ్లు షాపులో పొడి వేలితో ఆగకండి, వేలు తడిపి కూడా చూడండి.

చివరికి డాబాగార్డెన్స్‌లో బీరువాలు, సేఫ్‌లు అమ్మే షాపులో ఇది దొరికింది. బేరం తర్వాత 9,400, బిగింపు వేరే. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే పెట్టె మూడు నాలుగు స్టిక్కర్లతో అమ్ముతున్నారు, వీటిలో అసలుదేదో షాపువాడికే తెలియదు. గుర్తులు చెబుతాను. ముందు తలుపు కిందికి వాలుతుంది, పక్కకి తెరుచుకోదు. నంబర్ల కీప్యాడ్ బదులు చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా నాలుగు వేళ్లు ఆనేలా పైన నాలుగు మీటలు, వేలికొక గాడి. చెయ్యి వేస్తే వేళ్లు తమంతట తామే గాడిలో పడతాయి. కళ్లజోడుతో పనే లేదు. నాకు నచ్చింది ఇదే.

అయితే లెక్క చూసుకోవాలి. ఇందులో కోడ్ అంటే మీటల వరుస, మూడు నొక్కుళ్ల నుంచి ఆరు దాకా పెట్టుకోవచ్చు. మా వారు మూడు చాలన్నారు. నాలుగు మీటలతో మూడు నొక్కుళ్లంటే 64 రకాలే. తప్పు కోడ్ ఐదుసార్లు పడితే పెట్టె ఐదు నిమిషాలు మొరాయిస్తుంది, నిజమే. అలా ఆగుతూ ఆగుతూ నొక్కినా గంటా గంటంపావులో 64 అయిపోతాయి. వేసవి సెలవుల్లో పిల్లవాడికి గంట ఒక లెక్కా? ఆరు నొక్కుళ్లైతే 4,096. మామూలు పది అంకెల కీప్యాడ్‌లో ఆరంకెల కోడ్‌కి పది లక్షలు వస్తాయి, దానిముందు ఇది తక్కువే. కానీ ఆ ఐదు నిమిషాల ఆగుడుతో కలిపి చూస్తే నాకు ఫరవాలేదనిపించింది. ఆరే పెట్టించాను. ఏ ఆరో చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ మొరాయింపుకి ఇంకో వైపు కూడా ఉంది. మనవడు వచ్చినప్పుడు నేను చూస్తుండగానే మీటల మీద వీణ వాయించాడు. పెట్టె బిగుసుకుంది. అదే సమయానికి ఈయన తెరవబోతే ఎర్ర లైటు. చిరాకు పడ్డారు. నేను సంతోషించాను.

దీనితో రెండు తాళంచెవులు ఇచ్చారు, బ్యాటరీ చచ్చిపోతే తెరవడానికి. చాలా ఇళ్లల్లో సేఫ్ గోడకి, చెవి పక్కనే కొక్కేనికి. దానికంటే సేఫ్ కొనకపోవడం నయం, డబ్బైనా మిగులుతుంది. మాకు ఒక చెవి ఆయన ఒక్కరి పేరున ఉన్న బ్యాంకు లాకర్లో ఉంది. రెండోది ఆయన మొలతాడుకి. నవ్వొచ్చినా ఇంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

బిగింపు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, షాపులో ఎవరూ చెప్పరు కాబట్టి. పెట్టె ఏడు కిలోలు. బిగించకపోతే దొంగ తెరవక్కర్లేదు, చంకలో పెట్టుకుని పోతాడు. మంచం పక్క టేబుల్‌కి స్క్రూలు కొడితే టేబుల్‌తో సహా పోతుంది. ఫిట్టర్ కుర్రాడు గోడ మీద వేళ్లతో తట్టి చూసి, "అమ్మా, ఇది తేలిక బ్లాకు గోడ, ఫాస్టెనర్ వేస్తే ఊడిపోద్ది. పిల్లర్ ఎక్కడుందో చూద్దాం" అన్నాడు. మంచం తలవైపు, మా వారి కుడిచేతి పక్కనే కాంక్రీటు పిల్లర్ దొరికింది. మంచం ఒక అడుగు జరపాల్సొచ్చింది. నాలుగు యాంకర్ ఫాస్టెనర్లు పరుపు ఎత్తులో లోపలి నుంచి బిగించాడు, అంటే తలుపు తెరిస్తే గానీ బోల్టుల తలలు కనపడవు. మంచం, పరుపు, కర్టెన్లు అన్నీ బూడిద రంగైపోయాయి. డ్రిల్లింగ్‌కి ముందు దుప్పట్లు తీసేయండి. ఆ తమ్ముడికి 600 ఇచ్చాను, పనికి అది తక్కువే.

ఇక మన ఊరి అసలు శత్రువు ఉప్పు గాలి. ఇక్కడ కిటికీ గ్రిల్లు, గ్యాస్ స్టవ్ స్టాండు, గేటు గొళ్లెం ఏదీ మిగలదు, ఇనుప పెట్టెలో ఇనుప వస్తువు ఎలా మిగులుతుంది? లోపల అంటించిన నల్ల స్పాంజి చూడ్డానికి మెత్తగా బాగుంటుంది కానీ తేమ పట్టి ఉంచుతుంది. దాన్ని పీకించేసి, ఆ చోట పల్చటి రబ్బరు షీటు వేయించాను. తోలు కవర్లో పెట్టి నిల్వ చేయడం ఇంకా తప్పు, తోలు తేమనీ పీలుస్తుంది, దాన్ని పదును చేసిన రసాయనాలూ లోహాన్ని తింటాయి. కవరు బయట, రివాల్వర్ లోపల. మూలన సిలికా జెల్ పొట్లం. నారింజ రంగు గింజలు తేమ పట్టాక ఆకుపచ్చకి తిరుగుతాయి. వానాకాలంలో తొందరగా తిరుగుతున్నాయి, అప్పుడు ఆయన తీసి ఇస్తే నేను సన్నటి సెగ మీద ఆరబెట్టి ఇస్తాను. వంటకి వాడని పాత మూకుడు దానికి కేటాయించాను.

బ్యాటరీలు నాలుగు, పెన్సిల్ సైజువి. ఆల్కలైన్ రకమే వేయాలి, చవకవి కారి లోపలి పలకల్ని తినేస్తాయి. ఉగాదికీ దసరాకీ మార్చేస్తున్నాం, అయిపోయాయా లేదా అని చూడకుండా. కరెంటుతోనో వైఫైతోనో ఫోన్ యాప్‌తోనో నడిచేవి కూడా చూపించారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేని ఊరు ఇది. వద్దన్నాను. దసరాకి ఆయుధపూజ కూడా కలిసొస్తుంది. ఆయన రివాల్వర్ బయటికి తీసి, ఖాళీ అని రెండుసార్లు చూసి, తుడిచి, నూనె పట్టించి పీట మీద పెడతారు. నేను బొట్టు పెట్టబోతే, "కుంకుమ పెట్టెకి పెట్టు, దీనికొద్దు" అంటారు. పెట్టె నుదుటన ఎర్ర మరక అందుకే.

ఇప్పుడు మా ఇంట్లో తెగని తగువు. రివాల్వర్లో తూటాలు ఉంచాలా వద్దా? ఆయన వాదన, ఖాళీ తుపాకీ ఎందుకు పనికొస్తుందని. మేం కుదుర్చుకున్నది ఇదీ: పగలు తూటాలు హాల్లో బీరువా లాకర్లో, రివాల్వర్ పెట్టెలో. రాత్రి పడుకునే ముందు తూటాల డబ్బా కూడా పెట్టెలోకి వస్తుంది, రివాల్వర్లోకి రాదు. మనవడు ఇంట్లో ఉన్న రోజుల్లో డబ్బా రాత్రి కూడా బీరువాలోనే. నడుం విరిచి ఆరూ పెట్టడానికి కొన్ని క్షణాలు పడుతుంది, అంత ఆలస్యమా అంటారు. ఆ కొన్ని క్షణాల కోసమే నేనీ డబ్బు ఖర్చు పెట్టింది. మా అబ్బాయి బెంగళూరు నుంచి చెప్పాపెట్టకుండా తెల్లారగట్ల బస్సు దిగి, తన దగ్గరున్న చెవితో తలుపు తీసుకుని, చీకట్లో చెప్పులు చేతబట్టుకుని వచ్చే రకం. పెట్టె తెరిచి, తూటాలు పెట్టి, అప్పుడు తిరిగి చూసే మనిషి పూర్తిగా నిద్ర లేచి ఉంటాడు. దిండు కింది నుంచి లాగిన మనిషి అలా ఉండడు. అందుకే ఫోను ఛార్జింగ్ కూడా పెట్టె మీదే పెట్టించాను. చెయ్యి ముందు దానికే తగలాలి, పోలీసుల్ని పిలిచే 112 ముందు నొక్కాలి, హాల్లో లైటు స్విచ్చి మంచం దగ్గరికి లాగించిందీ అందుకే.

లోపాలు రాయకపోతే షాపువాడి మనిషిననుకుంటారు. మీట నొక్కినప్పుడల్లా కీచుమంటుంది. ఆ చప్పుడు ఆపేయొచ్చని చిన్న అక్షరాల కాగితంలో ఎక్కడో ఉంది, అది చదవడానికి నా కళ్లజోడూ చాల్లేదు. తలుపు అంచున పెయింటు అప్పుడే పొక్కు లేచింది, తుప్పు మొదలైతే నేనే రంగు వేయాలి. తలుపు వాలేటప్పుడు ఆపే గ్యాస్ కడ్డీ కొత్తలో ఉన్నంత మెత్తగా లేదు, ఇప్పుడు టక్‌మని పడుతోంది. రెండేళ్ల వారంటీ అన్నారు కానీ కార్డు మీద షాపు ముద్ర అడిగి మరీ వేయించుకోవాల్సొచ్చింది.

ఊరెళ్తే ఈ పెట్టెని నమ్ముకోం. ఎక్కువ రోజులైతే లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్ చేసి రశీదు తీసుకుంటాం. 2024 ఎన్నికలకి స్టేషన్‌లో అప్పజెప్పినప్పుడు అలవాటైన పనే. ఇద్దరే ఉండే ఇల్లు, తలుపులు గట్టివి, దగ్గర్లో జనం ఉన్నారు అనుకుంటే బీరువా లాకరే చాలు, 9,400 మిగుల్చుకోండి. మంచం పక్కనే ఉండాల్సిందేనని మీ ఆయన పట్టుబడితే మాత్రం ఈ నాలుగు మీటల రకం అడగండి, పిల్లర్ ఎక్కడుందో ముందే చూసుకోండి. ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది పెయింటుకి.