గోల్ఫ్ మైదానంలో కోత పనా, నీటి పనా: ఏది మేలు?

మా అక్క కొడుకు వ్యవసాయ డిప్లొమా పూర్తిచేసి ఆరు నెలలైంది. పోయిన ఆదివారం తల్లిని వెంటబెట్టుకుని పరకాల నుంచి హనుమకొండ వచ్చి, రెండు కాగితాలు నా ముందు పరిచాడు. హైదరాబాదులోని ఒక గోల్ఫ్ మైదానం వాళ్లు ఇచ్చినవి. ఒక కొలువు గ్రీన్లు (బంతిని వేసే గుంట, అంటే హోల్, చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) కోసే యంత్రం నడపడం, రెండోది నీటిపారుదల చూడడం. జీతం రెండింటికీ ఒకటే. ఏది కావాలో వారంలోగా చెప్పమన్నారట. "ఏది మేలు మామయ్యా?" అన్నాడు వాడు. "గడ్డి కోయడానికేనా నిన్ను చదివించింది?" అంది మా అక్క.

అలాంటి మైదానంలోనే పదకొండేళ్లు పనిచేసి వచ్చి, ఇప్పుడు ఇక్కడ ఇళ్లకూ ఫంక్షన్ హాళ్లకూ పచ్చిక వేసి బతుకుతున్నాను నేను. నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నాను.

అక్క ప్రశ్నకు జవాబు ఆ గడ్డిలోనే ఉంది. మన దగ్గర గోల్ఫ్ గ్రీన్ల మీద ఎక్కువగా పెంచేది వినాయక చవితి పూజలో పెట్టే గరిక జాతే. కాకపోతే సంకర రకం, గింజ కట్టదు, కాడలు నాటుకోవాల్సిందే. పొలంలో గరికను వదిలించుకోలేక రైతు తల పట్టుకుంటాడు. అక్కడ అదే గరికను మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఏడాది పొడవునా బతికించడానికి ఒక దండు పనిచేస్తుంది. బియ్యపుగింజ పొడవు కూడా లేని ఆకుతో మొక్క అన్నం వండుకోవాలి. ఒక్క రోజు ఏమరుపాటు కూడా దానికి ఎక్కువే.

కోత కాగితంలో ఉన్నవి మూడే ముక్కలు: గ్రీన్లు, టీలు (బంతిని మొదట కొట్టే చోట్లు) కోయాలి, యంత్రాన్ని శుభ్రంగా ఉంచాలి, పై అధికారులు అప్పగించే ఇతర పనులు చేయాలి. వీటిని చదివితే అక్క అన్నదే నిజమనిపిస్తుంది. తెల్లవారుజామున షెడ్డులో మొదలయ్యే పని వేరు. మన ఇళ్ల ముందు తిరిగే రోటరీ యంత్రం గడ్డిని వేగంతో కొట్టి తెంపుతుంది. గ్రీన్ల మీద నడిచే రీలు యంత్రంలో తిరిగే బ్లేడ్ల చుట్ట, అదే రీలు, కింద కదలకుండా ఉండే బ్లేడుతో కలిసి కత్తెరలా కోస్తుంది. ఆ రెండింటి మధ్య సందు చూడడానికి మేము ఇంజను ఆపి, వార్తాపత్రిక ముక్క పెట్టి, రీలును మెల్లగా తిప్పేవాళ్లం. కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగితే ఆ రోజుకు భయం లేదు. నలిగిందా, గడ్డి కొసలు చీలి మధ్యాహ్నానికల్లా గ్రీన్ తెల్లబారుతుంది.

ఒకసారి తొందరలో నేను హైడ్రాలిక్ గొట్టం చూడకుండా బయలుదేరాను. నూనె చుక్కలు చుక్కలుగా కారుతున్న సంగతి మూడో వరుసకు గాని తెలియలేదు. వేడి నూనె పడ్డచోట గడ్డి మాడిపోయి, రూలుకర్రతో గీసినట్టు గోధుమరంగు గీతలు తేలాయి. అవి పూడడానికి వారాలు పట్టింది. అన్నాళ్లూ ప్రతి ఆటగాడూ ఆ గీతల్ని చూశాడు, ఎవరు గీశారని అడిగాడు.

"ఇతర పనుల" కింద వచ్చేవాటిలో అందమైనది హోల్ మార్చడం. 4.25 అంగుళాల వెడల్పున్న గుండ్రటి కట్టరును నిటారుగా దించి, మట్టితో సహా గడ్డి దిమ్మెను పైకి తీసి, దాన్ని తెచ్చి పాత హోల్‌లో కూర్చాలి. దిమ్మె రవ్వంత పైకి ఉంటే మర్నాడు యంత్రం దాని నెత్తి గీకేస్తుంది. రవ్వంత కిందికి ఉంటే బంతి అక్కడ వంకర తిరుగుతుంది. నేను అరచేత్తో తడిమి, ఆనక కళ్లు మూసుకుని మళ్లీ తడిమి చూసేవాణ్ని. అందరూ నవ్వేవారు. కన్ను పట్టలేని మిట్టపల్లాలు చేతికి తెలుస్తాయి.

నీటి కాగితం కాస్త పొడుగు. పంపులు, వాల్వులు, స్ప్రింక్లర్లు, వాటిని వేళకు నడిపే కంట్రోలరు, మరమ్మతులు, రోజువారీ లెక్క, చివర ఇక్కడా అవే "ఇతర పనులు". ఇక్కడ లెక్క అంటే నిజంగా లెక్కే. ఒక గ్రీన్ 500 చదరపు మీటర్లు అనుకుంటే, ఒక మిల్లీమీటరు నీళ్లంటే 500 లీటర్లు. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్లు ఆరిపోతే 2,500 లీటర్లు. పద్దెనిమిది గ్రీన్లకు 45,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. టీ నుంచి గ్రీన్ దాకా పరుచుకునే ఫెయిర్‌వేల జోలికి ఇంకా పోనే లేదు.

అయినా లెక్కతో పని అయిపోదు. గ్రీన్ కింద ఉండేది మన చెల్క నేల కాదు. పద్ధతిగా కట్టిన గ్రీన్లలో అడుగున నాలుగు అంగుళాల కంకర, దాని మీద పన్నెండు అంగుళాల ఇసుక ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఇసుక కొన్నిచోట్ల మైనం పూసినట్టయి నీటిని లోపలికి రానివ్వదు. చుట్టూ తడిసినా మధ్యలో తాంబాళమంత మేర పొడిగానే ఉంటుంది. దాహం వేసిన గరిక ముందు నీలిబూడిద రంగుకు తిరుగుతుంది. దాని మీద నడిస్తే అడుగుజాడ వెంటనే లేవదు. ఈ రెండు గుర్తులూ ఎండుడు కనబడకముందే కనబడతాయి, చూడడం వచ్చినవాడికి. అప్పుడు మట్టి నమూనా తీసే గొట్టం దించి లోపలి తడి చూసి, ఆ ముక్కకు మాత్రమే చేత్తో నీళ్లు పెట్టాలి. స్ప్రింక్లరు తిప్పేస్తే మిగతా గ్రీన్ నానిపోయి తెగులు పడుతుంది.

ఈ పనికి కష్టాలూ ఉన్నాయి, వాడికి దాచలేదు. నీళ్లు పెట్టేది ఎక్కువగా రాత్రి. పైపు పగిలితే పిలుపు ఎప్పుడొస్తుందో చెప్పలేం. వాల్వు పెట్టె మూత తీసేముందు కర్రతో తట్టాలి, చల్లదనానికి పాములు చేరతాయి. పైగా కోత బాగుంటే చారల అందం చూసి మెచ్చుకుంటారు, నీళ్లు సరిగ్గా అందితే ఎవరూ ఏమీ అనరు.

అయినా నా ఓటు నీటి పనికే. రేపు వాడు ఇంటికి తిరిగి రావాలనుకుంటే, వరంగల్ చుట్టుపక్కల రీలు యంత్రం నడిపేవాడితో ఎవరికి పని? నీటి పని తెలిసినవాడికి మిర్చి చేలో, పసుపు తోటలో, జగిత్యాల మామిడి తోటల్లో డ్రిప్పు ఉంది, బడి మైదానాలు ఉన్నాయి. నాకు ఇక్కడ దొరికే పనిలో సగం పచ్చిక వేయడం కాదు, ఎవరో తప్పుగా వేసిన పైపులు సరిచేయడం. ఇక మేనల్లుడి సంగతి నాకు తెలుసు. పదో తరగతిలోనే బావి దగ్గర మోటారు స్టార్టరు డబ్బా విప్పి తండ్రి చేత తన్నులు తిన్నవాడు, పంపుల పని వాడికి నప్పుతుంది. అదే ఇంజన్ల పిచ్చి ఉన్న కుర్రాడైతే కోత వైపే వెళ్లమనేవాణ్ని. ఆ దారిలో రీలు సానపట్టే మెకానిక్ దాకా ఎదగవచ్చు, అలాంటివాళ్లు అరుదు.

గడ్డికి పురుగు, తెగులు మందులు కొట్టే కొలువు ఏదైనా ఉందా అని కూడా వాడు అడిగాడు. నాజిల్, ఒత్తిడి, నడక వేగం కొలిచి ఎకరాకు ఎంత పడుతుందో లెక్కగట్టడం నేర్పేవాళ్లు ఉంటేనే, చేతికి తొడుగులూ ముఖానికి మాస్కూ వాళ్లే ఇస్తేనే. లేకపోతే వద్దు.

ఒక్క షరతు పెట్టాను. చేరేముందు ఆ "ఇతర పనులు" ఏమిటో కాగితం మీద రాయించుకోవాలి. లేకపోతే నీటి మనిషిగా చేరినవాడు బంకర్లలో, అంటే మైదానంలోని ఇసుక గుంటల్లో, ఇసుక దువ్వుతూ ఏడాది గడుపుతాడు. మొదటి మూడు నెలలు కోత బృందంతో తిప్పమని మాత్రం వాడే అడగాలి. ఎక్కడ తడి ఎక్కువైందో యంత్రం చక్రానికి ముందు తెలుస్తుంది.

అక్కకు ఇదంతా ఎలా చెప్పాలా అని చూసి, చివరికి మా ఊరి చెరువు గుర్తుచేశాను. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే నీరటి ఉండేవాడు కదా, వీడిది ఆ పనే అన్నాను. అక్క కాసేపు ఆలోచించింది. "నీరటికి పంట నూర్చినప్పుడు కళ్లంలో మేర, అంటే ధాన్యంలో వాటా, కొలిచేవాళ్లు. మరి రాత్రి పూట లేచినందుకు వీడికేమిస్తారట?" అంది.

రెండు కాగితాలూ మళ్లీ తిరగేశాం. ఆ మాట ఎక్కడా లేదు. సోమవారం ఫోను చేసి అడుగుతానన్నాడు.