డాలస్‌లో సాయంత్రం ఏసీ టెక్నీషియన్ కోర్సు చేశా, 5కి 4

ఐటీ జాబ్ పోయి ఇప్పుడేం చెయ్యాలా అని చూస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నా. కొన్ని లోపాలు కూడా చెప్పాలి కాబట్టి కాలేజీ పేరు రాయట్లేదు, డాలస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీ అనుకోండి.

ముందు నా సంగతి. 14 ఏళ్ళు ఐటీలో ప్రొడక్షన్ సపోర్ట్ (నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆగకుండా చూసుకునే పని) చేశా. ఒక శనివారం రాత్రి కొత్త మార్పు ఎక్కించే రిలీజ్‌లో బ్యాచ్ జాబ్ (డేటా అంతా ఒకేసారి ప్రాసెస్ చేసే ప్రోగ్రామ్) ఫెయిలయ్యి సోమవారం పొద్దునదాకా రిపోర్టులు రాలేదు. ఆ మార్పు ఇవాళ వద్దని నేను ఫోన్‌లో చెప్పా, పర్లేదు నడిపించెయ్ అన్నది మా మేనేజరే, కానీ అది నోటి మాట, ఎక్కడా రాసి లేదు. కాల్‌లో 20 మంది ముందు అడిగింది ఒకటే, రన్ చేసింది ఎవరు అని. చేసింది నేనే. ఆర్నెల్లకి మా టీమ్ పని మొత్తం హైదరాబాద్ సెంటర్‌కి మార్చేశారు, వాళ్ళకి కేటీ (పని నేర్పి అప్పజెప్పడం) ఇచ్చింది కూడా నేనే. అవతల నేర్చుకున్నది మన వరంగల్, గుంటూరు పిల్లలే, "అన్నా ఇది ఇంకొక్కసారి చెప్తారా" అని శ్రద్ధగా అడిగేవాళ్ళు, వాళ్ళ మీద నాకు కోపం లేదు, నేను ఈ దేశం వచ్చిందీ ఇలాంటి పని మీదే. కానీ అలా కేటీ ఇచ్చి ఖాళీ చేతుల్తో బయటికి రావడం ఇంకోసారి నా వల్ల కాదు. అటకలో ఉన్న ఫర్నేస్‌ని (ఇల్లు వేడిచేసే మెషిన్) ఎవరో ఒకరు నిచ్చెనెక్కి చూడాల్సిందే కదా, ఆ ఆలోచనతోనే చేరా.

వారానికి రెండు సాయంత్రాలు, సగం క్లాసు సగం ల్యాబ్. ల్యాబ్ చాలా బావుంది. రాగి పైపులు బ్రేజింగ్ (మంటతో లోహం కరిగించి అతకడం) చేసేటప్పుడు లోపల నైట్రోజన్ పారించాలి, లేకపోతే లోపల నల్లటి పొట్టు కట్టి తర్వాత గ్యాస్ వెళ్ళే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ని మూసేస్తుంది, అది చెప్పి ఊరుకోకుండా రెండు రకాల పైపులూ కోసి చూపించారు. పైపుల్లో గాలి, తేమ లాగేసి వాక్యూమ్ 500 మైక్రాన్ల లోపుకి దించి, పంప్ ఆపి, మీటర్ అంకె పైకి లేస్తుందా లేదా (లేస్తే లీకో తేమో ఉన్నట్టు) అని కూర్చుని చూడటం నేర్పారు. ఏసీ గ్యాస్ ముట్టుకోవాలంటే పాసవ్వాల్సిన ఈపీఏ 608 అనే పరీక్షకి కూడా బాగా తయారుచేశారు, అన్ని రకాల మెషిన్లకీ పనికొచ్చే యూనివర్సల్ సర్టిఫికెట్ కావాలంటే 4 భాగాలు, ఒక్కోదాన్లో 25 ప్రశ్నలు, 18 రైటవ్వాలి, ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్‌కి గడువుండదు.

కానీ నాకు డబ్బులు వసూలైంది అనిపించింది వేరే విషయంలో. ఒకరోజు నేను థర్మోస్టాట్ వైరు తప్పుగా తగిలించి కంట్రోల్ బోర్డు మీద ఫ్యూజ్ కొట్టేశా. గుండె ఝల్లుమంది, వైరు ముందే లూజుగా ఉందండీ అని నోటిదాకా వచ్చింది. మా ఇన్‌స్ట్రక్టర్ పెద్దాయన, ముప్పై ఏళ్ళు ఫీల్డ్‌లో చేసినాయన, వచ్చి "ఏ వైరు దేనికి తగిలింది" అని మాత్రమే అడిగారు. చెప్పా. కొత్త ఫ్యూజ్ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఆ రాత్రి కార్లో చాలాసేపు అలాగే కూర్చుండిపోయా.

తర్వాత క్లాసంతా ఆయన నింద గురించే చెప్పారు. మీరు వచ్చి వెళ్ళాకే పాడైంది అనే మాట ఈ పనిలో తప్పదట. అందుకే మూత తియ్యగానే, చెయ్యి పెట్టకముందే ఫోటో తియ్యాలి. కెపాసిటర్ (మోటార్ తిరగడానికి సాయపడే చిన్న డబ్బా) మీద 45 మైక్రోఫారడ్ అని ఉండి మీటర్ 31 చూపిస్తే ఆ రెండు అంకెలూ బిల్లు మీద రాయాలి, ఇంటివాళ్ళు మార్చొద్దంటే "చెప్పాను, వద్దన్నారు" అని రాసి సంతకం తీసుకోవాలి. తప్పు మనదైతే ఇంటివాళ్ళు కనిపెట్టేలోపే మనమే చెప్పెయ్యాలి. ఆ శనివారం రాత్రి ఒక్క లైను ఈమెయిల్, "మీరు చెప్పినట్టే నడుపుతున్నా" అని కొట్టి ఉంటే ఎంత తేడా ఉండేదో ఇప్పటికీ అనుకుంటా.

లోపాలు: ల్యాబ్‌లో మెషిన్లన్నీ ఆర్-410ఏ అనే పాత గ్యాస్‌వే. 2025 జనవరి నుంచి ఇళ్ళ ఏసీల్లో కొత్తవి ఆర్-454బీ, ఆర్-32 అనే గ్యాస్‌ల మీద వస్తున్నాయి, ఇవి కాస్త మండే రకం, వాటిని స్లైడ్స్‌లో చూపించి వదిలేశారు, ఇది పెద్ద లోటే. ఉద్యోగం చూపిస్తామన్నారు, చివరికి కంపెనీల లిస్టు ఒకటి చేతికిచ్చారు.

చేరేముందు ఇంకొన్ని తెలుసుకోండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు కోర్సు చేసినా ఆ వీసా మీద ఈ పని చెయ్యలేరు, గ్రీన్‌కార్డో, ఈఏడీ అనే వర్క్ పర్మిటో ఉండాలి. టెక్సస్‌లో సొంతంగా కాంట్రాక్టర్ లైసెన్స్ కావాలంటే మామూలుగా లైసెన్స్ ఉన్నవాళ్ళ కింద 48 నెలలు పనిచెయ్యాలి. మొదట్లో హెల్పర్ జీతం ఐటీ జీతంలో సగం కూడా రాదు, మా ఆవిడ ఉద్యోగం ఉంది కాబట్టి ఇంటి లోన్ కట్టగలిగాం. వేసవిలో అటకలో మోకాళ్ళ మీద పాకడం కూడా ఉంటుంది, నడుం నొప్పి ఉన్నవాళ్ళు బాగా ఆలోచించుకోండి.

మొన్న జూలైలో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఒక తెలుగువాళ్ళింటికి వెళ్ళాం, ఇండియా నుంచి వచ్చిన పెద్దావిడ, నేను అటక దిగగానే "ఏం పోయింది బాబూ" అని అడిగి మజ్జిగ ఇచ్చారు. మీటర్ చూపించి తెలుగులోనే చెప్పా, బిల్లు మీద రెండు అంకెలూ రాసిచ్చా.

చేరేవాళ్ళు మోకాలి ప్యాడ్లు మొదటి వారమే కొనుక్కోండి, కాలేజీవాళ్ళు ఇవ్వరు.