పద్నాలుగు నెలలు వాడాక: ప్రశ్నల బ్యాంకు, ఎక్సెల్ షీటు, ఫోన్ కెమెరా

డిగ్రీ చివరి ఏడాదిలో మొదలుపెడితే, ఒక బ్యాంకులో క్రెడిట్ ఎనలిస్టుగా (అప్పు అడిగిన కంపెనీ తీర్చగలదా అని తూచే పని) ఆఫర్ లెటర్ చేతికొచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. ముప్పై ఎనిమిది అప్లికేషన్లు పెట్టాను. ఏడు చోట్ల రికార్డెడ్ వీడియో ఇంటర్వ్యూ, నాలుగు చోట్ల మనుషులకు ఎదురుగా కూర్చోవడం దాకా వెళ్లింది వ్యవహారం. ఇన్నాళ్లూ నేను వాడినవి మూడే: డబ్బు పెట్టి కొన్న ప్రశ్నల బ్యాంకు పీడీఎఫ్, నేనే గీసుకున్న ఎక్సెల్ షీటు, నా ఫోన్ కెమెరా. డబ్బు పోసి కొన్నదే నన్ను ఎక్కువ ముంచింది కాబట్టి దానితోనే మొదలుపెడతా.

నాలుగు వందల పైచిలుకు ప్రశ్నలు, ఒక్కోదాని కిందా జవాబు. మొదటి నెలంతా దాన్ని నెత్తిన పెట్టుకున్నాను. డిప్రిసియేషన్ (యంత్రాల్లాంటి ఆస్తుల అరుగుదలని ఖర్చుగా రాయడం) 10 పెరిగితే లాభనష్టాలు, క్యాష్ ఫ్లో, బ్యాలెన్స్ షీట్ అనే మూడు స్టేట్‌మెంట్లలో ఏం మారుతుంది అన్న పాత ప్రశ్నే తీసుకోండి. పన్ను 25 శాతం అనుకుంటే నికర లాభం 7.5 తగ్గుతుంది. క్యాష్ ఫ్లోలో ఆ 10 తిరిగి కలుపుతాం కాబట్టి నగదు 2.5 పెరుగుతుంది. బ్యాలెన్స్ షీట్లో నగదు 2.5 పైకి, స్థిరాస్తి 10 కిందికి, వెరసి 7.5 తగ్గుదల. అవతలి వైపు రిటైన్డ్ ఎర్నింగ్స్ (పంచకుండా కంపెనీలోనే ఉంచుకున్న లాభాలు) కూడా అంతే తగ్గి లెక్క సరిపోతుంది. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

మొట్టమొదటి ఇంటర్వ్యూలో అదే ప్రశ్న పడింది. లోపల ఎగిరి గంతేశాను. గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. ఇంటర్వ్యూ చేస్తున్నావిడ తలెత్తకుండా ఏదో రాసుకుంటూనే, "డిప్రిసియేషన్‌లో నగదు చేతులు మారదు కదండీ. మరి ఆ 2.5 ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నారు. నీళ్లు నమిలాను. జవాబు ఒక్క ముక్క: కట్టాల్సిన పన్ను అంతమేర తగ్గింది, అంతే. ఆ 2.5ని కొన్ని వందలసార్లు లెక్కగట్టాను గానీ అదెవరి డబ్బో ఒక్కసారీ అనుకోలేదు. "సరే, ఆ కంపెనీ ఈ ఏడాది నష్టాల్లో ఉంటే?" అని ఇంకోటి వేశారు. కట్టాల్సిన పన్నే లేనప్పుడు ఆ ఏడాది మిగిలేదీ ఉండదని ఇంటికొచ్చాక వెలిగింది. ఇంటికొచ్చాక ఎన్ని వెలిగితే ఏం లాభం.

అసలు ఇంటర్వ్యూ రెండో ప్రశ్నతో మొదలవుతుంది. పీడీఎఫ్‌లో ఉన్నవన్నీ మొదటి ప్రశ్నలే.

పైగా అందులో తప్పులున్నాయి. కంపెనీ 100 అప్పు తెచ్చి బ్యాంకులో అలాగే ఉంచితే ఎంటర్‌ప్రైజ్ వాల్యూ (షేర్ల మొత్తం విలువకి అప్పు కలిపి, చేతిలో నగదు తీసేస్తే వచ్చే కంపెనీ విలువ) 100 పెరుగుతుందని వేసి ఉంది. అప్పు 100 కలిపితే నగదు 100 తీసెయ్యాలి, విలువ ఉన్నచోటే ఉంటుంది. రెండు నెలలు ఆ తప్పునే శ్రద్ధగా బట్టీపట్టాను. ఒక సీనియర్ మాక్ ఇంటర్వ్యూ పెడితే బయటపడింది. అచ్చులో కనిపిస్తే నమ్మేసే జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది లెండి.

ఇంకో లోటు పెద్దది. పుస్తకమంతా కంపెనీల విలువ కట్టడమే, బ్యాంకు గురించి రెండే పేజీలు. బ్యాంకుకి డిపాజిట్లూ అప్పులే ముడిసరుకు. అక్కడ ఎంటర్‌ప్రైజ్ వాల్యూ లెక్క కుదరదు, అందుకే ప్రైస్ టు బుక్ (షేరు ధర, పుస్తకాల్లోని సొంత మూలధనానికి ఎన్ని రెట్లుందో) చూస్తారు. ఇది రెండు లైన్లలో చెప్పి వదిలేశారు. నన్ను మూడు చోట్ల అడిగింది మూలధనం గురించి. బాసెల్ 3 (బ్యాంకుల మూలధనం మీద అంతర్జాతీయ నియమాలు) ప్రకారం రిస్క్‌ను బట్టి తూచిన ఆస్తుల మీద సీఈటీ 1 (నష్టాల్ని ముందుగా మోసే వాటాదారుల సొంత డబ్బు) కనీసం 4.5 శాతం, దాని మీద కన్జర్వేషన్ బఫర్ (కష్టకాలానికి అదనంగా ఉంచే దిండు) 2.5, కలిపి 7. రేటింగ్ లేని కంపెనీకి 100 అప్పిస్తే, ప్రామాణిక పద్ధతిలో ఆ 100నీ పూర్తిగా రిస్క్‌గా తూస్తారు. అంటే 7 సొంత మూలధనం కట్టిపడేసుకోవాలి. ఈ లెక్కొస్తే "ఈ వడ్డీకి ఈ అప్పు ఇవ్వొచ్చా?" అన్న ప్రశ్న సగం తేలిపోయినట్టే.

వార్తల ప్రశ్నలకి పది వార్తలు పైపైన చదవడం మానేసి ఒక్కటి గట్టిగా పట్టుకున్నాను, అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలిన కథ. వడ్డీరేట్లు పెరగడంతో పాత బాండ్ల ధర పడింది. 2023 మార్చి 8న సుమారు 2100 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి 180 కోట్ల డాలర్ల నష్టం ప్రకటించారు. మర్నాడు ఒక్కరోజే డిపాజిటర్లు 4200 కోట్ల డాలర్లు లాగేశారు. మార్చి 10న మూతపడింది. డ్యూరేషన్ (వడ్డీరేటు మారితే ధర ఎంత కదులుతుందో చెప్పే కొలత) ఐదేళ్లున్న బాండు, రేటు 1 శాతం పెరిగితే ఇంచుమించు 5 శాతం పడుతుందన్న సూత్రం నాకు ఎక్కింది ఈ కథతోనే. హెల్డ్ టు మెచ్యూరిటీ (గడువు తీరేదాకా అమ్మం) కింద పెట్టిన బాండ్లలో నష్టం లెక్కల్లో ఎందుకు కనపడదు, డిపాజిట్లలో ఎక్కువ భాగం బీమా పరిమితి దాటి ఉంటే ఏమవుతుంది... ఎటు తిప్పి అడిగినా చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది.

ఎక్సెల్ షీటుకి మాత్రం ఐదుకి ఐదు. బ్యాంకు, ఉద్యోగం, గడువు, ఏ దశ అన్న కాలమ్‌లు అందరూ పెట్టుకుంటారు. నేను ఆలస్యంగా కలిపిన కాలమ్ ఒకటుంది: ఏ రెజ్యూమె పంపాను. ఒక చోటినుంచి మూడు నెలల తర్వాత పిలుపొచ్చింది. "ఇంటర్న్‌షిప్‌లో వర్కింగ్ క్యాపిటల్ విశ్లేషణ చేశానన్నారు, ఆ కంపెనీ సరుకు ఎన్ని రోజులు నిల్వ ఉండేది?" అని అడిగారు. ఆ లైను కొత్త రెజ్యూమెలో నేనే తీసేశాను, లెక్కా మర్చిపోయాను. అప్పటినుంచి పంపిన ప్రతి ఫైలూ వరుస నంబరుతో దాచాను. రెజ్యూమెలో రాసిన ప్రతి అంకె పక్కనా అదెలా వచ్చిందో ఒక వాక్యం. గడువు తేదీని మాత్రం నమ్మకండి. చాలా బ్యాంకులు వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు నింపుకుంటూ పోతాయి.

ఫోన్ కెమెరా గురించి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. వీడియో ఇంటర్వ్యూలో అవతల మనిషుండడు. ఆలోచించుకోడానికి నాకు చాలాసార్లు ముప్పై సెకన్లు, చెప్పడానికి రెండు నిమిషాలు ఇచ్చారు. ఇంట్లో అలాగే టైమర్ పెట్టి మొదటిసారి రికార్డు చేసుకుని చూస్తే, రెండు నిమిషాల్లో పదకొండు సార్లు "బేసిగ్గా" అన్నాను. మొదటి పాతిక సెకన్లూ ప్రశ్నని తిరగరాసి చెప్పడానికే అయిపోయాయి. అంకె చెప్పాల్సి వచ్చినప్పుడల్లా కళ్లు సీలింగ్‌కి పోయాయి. నలభై వీడియోలయ్యాక "బేసిగ్గా" రెండుకి దిగింది. సీలింగ్ చూపు ఇప్పటికీ పోలేదు.

న్యూమరికల్ టెస్టుల గురించి చెప్పడానికేం లేదు. రోజూ టైమర్ పెట్టుకుని చేస్తే వచ్చేస్తాయి.

పీడీఎఫ్‌ని చివరికి ఎలా వాడానంటే, జవాబుల మీద కాగితం కప్పి, నాలుగు వందల్లోంచి అరవై ప్రశ్నలు ఏరుకున్నాను. ఒక్కోదాని కింద రెండు "ఎందుకు"లు నా చేత్తో రాశాను. ఎదురుగా మా అక్కని కూర్చోబెట్టాను. ఆమెకి ఫైనాన్స్ ఓనమాలు తెలీవు. ప్రతిదానికీ "అంటే?" అనేది. మైనారిటీ ఇంటరెస్టుని (పిల్ల కంపెనీలో బయటివాళ్ల వాటా) ఎంటర్‌ప్రైజ్ వాల్యూలో ఎందుకు కలపాలో ఆమెకి అర్థమయ్యేలా చెప్పడానికి మూడు సాయంత్రాలు పట్టింది: పిల్ల కంపెనీలో 80 శాతమే మనదైనా దాని లాభం మొత్తం మన ఎబిటాలో (వడ్డీ, పన్ను, డిప్రిసియేషన్ తియ్యకముందు లాభం) వేసుకున్నాం కదా, ఎంటర్‌ప్రైజ్ వాల్యూని ఎబిటాతో భాగించేటప్పుడు పైన 80, కింద 100 ఉండకూడదుగా అని. ఆఖరి ఇంటర్వ్యూలో అదే అడిగారు. అక్కకి చెప్పినట్టే చెప్పాను.

మళ్లీ కొంటావా అంటే కొంటాను, అరవై ప్రశ్నల కోసం. మొన్న ఒక జూనియర్ అడిగితే నా ప్రింటు కాపీ ఇచ్చేశాను. ఎంటర్‌ప్రైజ్ వాల్యూ పేజీలో తప్పుని దిద్దకుండా అలాగే వదిలేశాను. పట్టుకుంటాడో లేదో చూడాలి.