పిల్లలూ పెద్దవాళ్లతో బ్రిటన్ మార్కెట్ టౌన్లు, ఓడరేవులు: చాన్నాళ్లు తిరిగాక నా రివ్యూ

మేం ఉండేది బర్మింగ్‌హామ్‌లో. కొన్నేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి పాత మార్కెట్ టౌన్లూ (అంటే సంత జరిగే ఊళ్లు) ఓడరేవులూ తిరుగుతున్నాం, వేసవిలో బందరు నుంచి అమ్మానాన్న వస్తే వాళ్లని కూడా వేసుకుని. ముందే చెప్పేస్తున్నా, పిల్లలుంటే నా ఓటు ఓడరేవులకే. మార్కెట్ టౌన్లు బాగోవని కాదు గానీ సంత లేని రోజు వెళ్తే గంటలో ఊరు చూడ్డం అయిపోతుంది, తర్వాత "ఇంటికెప్పుడు వెళ్దాం" అని మొదలుపెడతారు.

లడ్లో అనే ఊళ్లో అయితే కోట ముందు చౌక్‌లో సోమ, బుధ, శుక్ర, శనివారాలు సంత ఉంటుంది. ఆ రోజుల్లోనే వెళ్లండి. ఉల్లిపాయ చట్నీ అమ్మే ఆవిడ బిస్కెట్ ముక్క మీద కాస్త రాసి మా అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ నోట్లో వేసుకుని, "ఇదేం చట్నీరా, ఉల్లిపాయల్ని బెల్లం పాకంలో పోసినట్టుంది" అని నాతో తెలుగులో అని, అటు తిరిగి "వెరీ నైస్" అంది. ఒక సీసా కొనిపించింది కూడా! కోట నాకు నచ్చింది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ వాళ్ల అన్నయ్య ఆర్థర్ 1502లో చనిపోయింది ఇక్కడే. పిల్లలకి అదంతా అనవసరం, లోపల గడ్డిలో పరిగెత్తడానికి చోటుంది, వాళ్లకి అది చాలు. బురుజుల మెట్లు మాత్రం ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే కూర్చోవాలి.

ష్రూస్‌బరీ మాకు రైల్లో గంట దూరం. సెవర్న్ నది ఊరి చుట్టూ మెలిక తిరిగి ఉంటుంది, సందులు ఎంత ఇరుకంటే పాత ఇళ్ల పై అంతస్తులు ఎదురింటి మీదికి వంగినట్టు కనిపిస్తాయి. మార్కెట్ హాల్ 1960ల నాటి బిల్డింగు, బయటినుంచి చూస్తే లోపలికి వెళ్లబుద్ధి కాదు, వెళ్తే బయటికి రాబుద్ధి కాదు. అక్కడి స్క్వేర్‌లో క్లైవ్ విగ్రహం ఉంది, ఆయన ఈ ఊరికి మేయరుగానూ ఎంపీగానూ చేశాడు. మా నాన్న దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. 1765లో మొగలు పాదుషా దగ్గర ఫర్మానా తీసుకుని మన ఉత్తర సర్కారుల్ని కంపెనీ కిందకి తెచ్చింది ఈయనే కదా, బందరు వాళ్లకి ఆ కోపం ఉండదా మరి. ఓపికుంటే అక్కణ్ణించి రైల్లో వెల్ష్‌పూల్ వెళ్లి పోవిస్ కోట చూడండి, టిప్పు సుల్తాన్ వస్తువులు ఉన్నాయి. నాన్న తిరుగు ప్రయాణంలో ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

ఇక ఓడరేవులు. బ్రిస్టల్‌లో ఎస్ఎస్ గ్రేట్ బ్రిటన్ ఒక్కటి చాలు పూట గడిచిపోవడానికి. బ్రూనెల్ అనే ఇంజనీరు కట్టిన ఇనప ఓడ, 1843లో నీళ్లలోకి దించారు, చివరికి ఫాక్లాండ్ దీవుల్లో తుప్పు పడుతుంటే 1970లో వెనక్కి లాక్కొచ్చి కట్టిన డాక్‌లోనే పెట్టారు. ఓడ చుట్టూ అద్దం పరిచి పైన పల్చగా నీళ్లు వదిలారు, కిందికి దిగితే ఓడ అడుగుభాగం తల మీద ఉంటుంది. లోపల ఆ కాలం వాసనలు కూడా పెట్టారు, మా చిన్నోడు ముక్కు మూసుకుని మళ్లీ మళ్లీ వెళ్లాడు. లివర్‌పూల్‌లో 1846 నాటి ఆల్బర్ట్ డాక్, మెర్సీ నది మీద ఫెర్రీ రెండూ బాగుంటాయి. మారిటైమ్ మ్యూజియం మాత్రం మరమ్మతులకని 2025లో మూశారు, వెళ్లేముందు తెరిచారేమో చూసుకోండి. నది ఒడ్డున గాలి మామూలుగా ఉండదు, ఆగస్టులోనైనా అమ్మకి స్వెట్టర్ తప్పదు. దూరమైనా హార్టిల్‌పూల్ వెళ్లండి అంటాను. అక్కడున్న ట్రింకోమలీ 1817లో బొంబాయిలో మన టేకుతో కట్టిన యుద్ధనౌక, ఇప్పటికీ నీళ్ల మీదే ఉంది. క్లైవ్ దగ్గర ముఖం మాడ్చుకున్న నాన్న ఇక్కడ చెక్క తడిమి చూసి "మనోళ్ల పని" అన్నారు.

ఖర్చు సంగతికొస్తే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ (రైలు టికెట్ల మీద తగ్గింపు ఇచ్చే కార్డు) లేకుండా ఇవన్నీ మావల్ల అయ్యేవి కావు. ఏడాదికి 35 పౌండ్లు, పెద్దలకి మూడో వంతు, 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకి 60 శాతం తగ్గుతుంది, నలుగురు పెద్దలు నలుగురు పిల్లల దాకా ఒకే కార్డు. ఆ వయసు పిల్ల ఒకరైనా కూడా ఉండాలి, అంటే అమ్మానాన్నని మేమిద్దరమే తీసుకెళ్తే పనికిరాదు. ఐదేళ్ల లోపు వాళ్లకి ఎలాగూ టికెట్ లేదు.

ఆదివారం మాత్రం వద్దు. ఓసారి రైలు బదులు బస్సు వేశారు, ఎక్కడ ఎక్కాలో చెప్పే మనిషి లేడు, పిల్లల తోపుడు బండి మడిచి చంకన పెట్టుకుని వానలో నిలబడ్డాం. పెద్ద షాపులు ఆదివారం ఆరు గంటలే తీస్తారు, చిన్న ఊళ్లలో కేఫ్ వంటగదులు చాలావరకు మధ్యాహ్నం మూడు లోపే కట్టేస్తారు. శాకాహారులకి దొరికేది చీజ్ పాస్టీ (లోపల చీజ్ పెట్టి కాల్చిన కజ్జికాయ లాంటిది), లేదా కాల్చిన బంగాళాదుంప, రెండూ మా నాన్నకి పడవు. అందుకే ఇప్పుడు ఏ ఊరికెళ్లినా పులిహోర డబ్బా, ఆవకాయ, పేపర్ ప్లేట్లు మాతోనే వస్తాయి. డాక్‌ల దగ్గర బెంచీలకి కొదవ లేదు. సీగల్ పక్షులతో మాత్రం జాగ్రత్త, లివర్‌పూల్‌లో పాప చేతిలోని అప్పడం ఎత్తుకెళ్లింది ఒకటి.