ఊదా అడిగితే నీలం: నెల్లూరు జెర్సీ షాపులో లేకర్స్ జతలు

నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో జట్టు బట్టలు ప్రింటు చేసి కుట్టిచ్చే షాపు ఇది. క్రికెట్, కబడ్డీ ఆర్డర్లే ఎక్కువ, బాస్కెట్‌బాల్ జతలు అరుదు. ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి షాపు పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో పనిచేసే షాపులు కావలిలో, ఒంగోలులో చూసుకున్నా కింద రాసినవి పనికొస్తాయి.

ఆర్డరు రెండు రకాలు, ఒక్కోటి 12 జతలు. రెండూ అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో ఆడే లాస్ ఏంజెలెస్ లేకర్స్ క్లబ్బు పాత బట్టల పోలికలోనే. ఒకటి ఆ క్లబ్బు మినియాపొలిస్‌లో ఉన్నప్పటి లేత నీలం, రెండోది అందరికీ తెలిసిన ఊదా, పసుపు. రంగు వరకు నీలం జతని కళ్లు మూసుకుని చేయించుకోవచ్చు. ఊదా జతకి మాత్రం కంప్యూటరు పక్కనే కూర్చోవాలి.

కారణం ఇంకులో ఉంది. డిజైను ముందు కాగితం మీద తిరగేసి ప్రింటవుతుంది. ఆ కాగితాన్ని తెల్ల పాలిస్టర్ గుడ్డ మీద పరిచి, 200 డిగ్రీల దగ్గర ముప్పావు నిమిషం నుంచి నిమిషం దాకా నొక్కితే ఇంకు ఆవిరై దారంలోకి దిగుతుంది. ఊదా రంగంటే ఇందులో మజెంటా (ముదురు గులాబీ), సయాన్ (లేత నీలం) ఇంకులు కలిసినదే. సయాన్ పాలు మజెంటాకి దగ్గరగా వచ్చిందంటే రంగు నీలంలోకి జారిపోతుంది. మజెంటా కన్నా సయాన్ కనీసం 30 శాతం తక్కువ ఉంచాలి. ఫోన్లో పంపిన బొమ్మని నేరుగా ప్రింటుకి కొట్టేశారు, అందుకే మొదటి శాంపిల్ ఇంకు సీసాలా నీలంగా వచ్చింది. సయాన్ తగ్గించి తీసిన రెండో ముక్క సరిపోయింది. రంగులకి నంబర్లిచ్చే పాంటోన్ పుస్తకం ఉన్న షాపయితే 526, 1235 అని చెబితే చాలు, అవే క్లబ్బు ఊదా, బంగారు రంగుల నంబర్లు. ఇక్కడ ఆ పుస్తకం లేదు. పర్పుల్ అంటే ఆపరేటర్ పది రకాలు చూపిస్తాడు, వంకాయ రంగు అంటే ఒక్కసారికే తెస్తాడు.

వేడి, సమయం మారినా ఛాయ మారుతుంది. ముందు భాగం ఈరోజు, వెనక భాగం రేపు నొక్కితే ఒకే చొక్కాకి రెండు ఊదాలు. మొత్తం 12 జతల ముక్కలూ ఒకే మిషను మీద ఒకే పూట నొక్కాలని చీటీలో రాయించుకోవాలి.

ఆ క్లబ్బుకీ ఈ రంగుతో ఒక తకరారు ఉండేది. 1965లో లేకర్స్‌ని కొన్న జాక్ కెంట్ కుక్ 1967లో కొత్త స్టేడియం ఫోరం కట్టి, బట్టలు ఊదా, పసుపుకి మార్చాడు. కానీ ఆయనకి పర్పుల్ అన్న మాటే గిట్టేది కాదు. దాన్ని ఫోరం బ్లూ అనే పిలిపించాడు. షాపువాళ్లకి ఈ సంగతి చెప్పకండి, నీలంగా వచ్చిన మొదటి శాంపిల్‌కీ డబ్బులు అడుగుతారు.

లేత నీలంతో ఈ గొడవ లేదు. దాదాపు సయాన్ ఒక్కటే, పలచగా. అక్షరాలు పసుపు. పనితనం బాగుంది, అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయి. ఇబ్బందల్లా ఛాతీ మీద రాతతోనే వచ్చింది. మినియాపొలిస్ పేరుని కుదించి ఎం, పి, ఎల్, ఎస్ అని నాలుగు అక్షరాలు వేస్తారు. ఆపరేటర్ చివరి ‘ఎస్’ పొరపాటనుకుని తీసేసి ఎంపీఎల్ అని పెట్టాడు. మన క్రికెట్ జట్టు చొక్కా మీద ఒకప్పుడు ఆ పేరుండేది కదా, తప్పు పట్టడానికి లేదు. ప్రింటుకి వెళ్లే ముందు ప్రతి అక్షరం పెద్దది చేసి చూసుకోవాల్సిందే.

అసలు పేచీ షాపులో సిద్ధంగా ఉన్న డిజైన్లతో. వాటిలో నాలుగు కాలాలు కలిసిపోయి ఉంటాయి. ఒకదాని మీద ‘లాస్ ఏంజెలెస్, 1947 నుంచి’ అని ఉంది. 1947లో డెట్రాయిట్ జెమ్స్ అనే జట్టుని కొని మినియాపొలిస్‌కి తెచ్చి లేకర్స్ అని పేరు పెట్టారు. మిన్నెసోటా పది వేల సరస్సుల రాష్ట్రం, పేరు అక్కడికి అతికింది. లాస్ ఏంజెలెస్‌కి వెళ్లింది 1960లో. పులికాట్ పేరు పెట్టుకున్న జట్టు అనంతపురంలో కాపురం పెట్టినట్టు ఉంటుంది కానీ, పేరు అలాగే ఉండిపోయింది. కాబట్టి 1947 వేస్తే ఊరి పేరు వేయొద్దు, ఊరి పేరు కావాలంటే 1960 వేయండి.

ఇంకోదాని మీద కోబీ బ్రయంట్ 8 నంబరు, పక్కన నైకీ గుర్తు. ఆయన 8 వేసుకున్నది 2006 దాకా, ఆ తర్వాత 2016లో ఆట మానేసేదాకా 24. ఎన్‌బీఏ ఆట చొక్కాల మీదకి నైకీ గుర్తు వచ్చింది 2017లో మొదలైన సీజన్‌కి. మూడోది ఎల్జిన్ బేలర్ 22, కింద ‘1972 ఛాంపియన్’. ఆ సీజన్లో బేలర్ తొమ్మిది ఆటలకే తప్పుకున్నాడు, ఆ మరుసటి ఆట నుంచే జట్టు వరసగా 33 గెలిచింది. పద్నాలుగేళ్లు ఆడి ఆడుతూ ఒక్క టైటిల్ కూడా చూడని మనిషి చొక్కా మీద ఆ మాట వేయడం తెలిసినవాళ్లకి గుచ్చుకుంటుంది. క్లబ్బు గెలిచిన టైటిళ్లకి గుర్తుగా పదిహేడు నక్షత్రాలు వేస్తే లెక్క సరే. కాకపోతే 1949, 50, 52, 53, 54 అనే మొదటి అయిదూ మినియాపొలిస్‌వి. ఆ అయిదింటిలోనూ ఉన్న జార్జ్ మైకన్ నంబరు 99. అతన్ని బుట్ట దగ్గర నిలవనీయకూడదనే 1951లో ఎన్‌బీఏ లేన్ (బుట్ట ముందు గీసిన పట్టీ) వెడల్పు 6 అడుగుల నుంచి 12కి పెంచింది. నీలం జతలో ఒక్కటైనా 99 ఉండాలి, లేకపోతే అది వట్టి నీలం చొక్కా.

మ్యాజిక్ జాన్సన్, జబ్బార్ ఆడిన 1980ల కాలం అంకెలకి వెనక నీడ గీత ఉంటుంది. ప్రెస్ ఎత్తేటప్పుడు కాగితం కాస్త జరిగినా అంకె పక్కన మసక నీడ పడుతుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే నీడ డిజైను అంటే షాపువాళ్లకి హాయి. వేలితో కొలిచి చూడండి: డిజైను నీడ అన్ని అంకెలకీ ఒకే వైపు, ఒకే మందం, పదునైన అంచు. జరిగిన నీడకి అంచు ఉండదు, ఒక్కో చొక్కాకి ఒక్కో వైపు పోతుంది. ఊదా జతలో మూడు చొక్కాలు అలా వచ్చాయి, అడిగితే మళ్లీ చేసిచ్చారు. కాగితాన్ని వేడి తట్టుకునే టేపుతో అంటించమనండి.

కుట్టిన చొక్కా మీద ప్రింటు వద్దు. ముక్కలు కత్తిరించి, ప్రింటు చేసి, తర్వాత కుట్టాలి. కుట్టింది నొక్కితే చంక దగ్గర మడతల్లో ఇంకు దిగక తెల్ల గీతలు మిగులుతాయి. చేతుల్లేని చొక్కా కాబట్టి, ఎగిరినప్పుడల్లా అవి బయటపడతాయి. పొడవు మామూలు టీషర్టు కన్నా రెండంగుళాలు ఎక్కువ అడగాలి. నిబంధన ప్రకారం చొక్కా నిక్కరులోకి దోపాలి, పొట్టిదైతే రెండోసారి రీబౌండుకి ఎగరగానే బయటికొచ్చేస్తుంది. గుడ్డలో డాట్ నిట్ (సన్న చుక్కల అల్లిక) 150 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 150 గ్రాముల దగ్గరిది తీసుకోండి. అంతకన్నా పలచనిది చెమటకి ఒంటికి అంటుకుని లోపలిది చూపిస్తుంది, మందంది మే నెల సిమెంటు కోర్టు మీద భరించలేం. నిక్కరుకి ఎలాస్టిక్‌తో పాటు బొందు ఉండాల్సిందే. అది అడిగితేనే పెడతారు.

ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనలు పాటించే టోర్నీలో పట్టికలో ముందు పేరున్న జట్టు లేత రంగు వేసుకోవాలి. అంటే ఊదా ఒక్కటే చేయించుకుంటే సగం ఆటలకి అది పనికిరాదు. అదే డిజైనుని పసుపు నేలతో ఇంకో చొక్కా తీసుకుంటే సరి. అంకె ముందు 10, వెనక 20 సెంటీమీటర్ల ఎత్తు పెట్టించండి. 2014కి ముందు ఫీబా ఆటల్లో 4 నుంచి 15 దాకానే నంబర్లు, ఇప్పుడు 99 దాకా వేసుకోవచ్చు. అయినా పాత అలవాటు వదలని నిర్వాహకులు ఉంటారు, 99 ప్రింటు చేయించే ముందే అడగండి.

క్లబ్బు గుర్తు, కంపెనీ గుర్తు వేయమంటే షాపు కాదనదు. అవి ట్రేడ్‌మార్కులు. రంగులు ఉంచి, ఆ చోట మీ జట్టు పేరు తెలుగులో వేయించుకుంటేనే అందం. షాపు దగ్గర మంచి తెలుగు ఫాంట్లు ఉన్నాయి, ‘ళ్ల’, ‘ర్స్’ వత్తులు మాత్రం విడిపోతున్నాయి, సరిచూసుకోండి.

ఇరవై ఉతుకుల తర్వాత ప్రింటు పగల్లేదు, పెచ్చులు లేవలేదు. రంగు దారంలోనే ఉంది కాబట్టి అది మామూలే. పసుపు ఒక ఛాయ తగ్గింది, ఎండలో తిరగేయకుండా ఆరేసినవాటికే. ఉప్పు బోరు నీళ్లలో ఉతికితే గుడ్డ బిరుసెక్కుతోంది, ఆఖరి జాడింపు మంచినీళ్లతో చేస్తే మెత్తబడుతుంది.

జత 650, పన్నెండుకి తక్కువైతే 750. సగం అడ్వాన్సు. వారం అంటారు, సంక్రాంతి టోర్నీల ముందు పన్నెండు రోజులు పట్టింది. శాంపిల్ ముక్కకి 100 విడిగా తీసుకుంటారు. ఊదా కోసం అది ఇచ్చేయండి, నీలానికి అక్కర్లేదు.